గాలి సూసుకునే మనిషి

మా సత్యరాజు మావకి టైరు కనబడితే చాలు, బొటనవేలితో నొక్కి గాలి చూడాలి. అది ఎవరి టైరు, ఎక్కడుంది, దాని మీద ఎవరు కూర్చున్నారు అన్న ప్రశ్నలు ఆయనకి ఉండవు. సైకిలు, ఆటో, లారీ, ఐసు బండి, ఏదైనా ఒకటే. ముందు నొక్కుడు, తర్వాత పలకరింపు. "బాగున్నావా?" అనాల్సిన చోట "గాలెంతున్నాది?" అంటాడు.

నాకు పెళ్లయిన కొత్తలో మొదటిసారి మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ కుమారి కొత్త చీర కట్టుకుని, గుమ్మంలో నిలబడి "వందనాలండీ, లోపలికి రండి" అంటోంది. మావ గేటు దగ్గరే చతికిలబడి నా స్కూటరు వెనక చక్రం నొక్కుతున్నాడు.

"కాఫీ తాగుదురుగాని రండి."

"కాఫీకేటమ్మా తొందర. పంపున్నాదేటి ఇంట్లో?"

కుమారి నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. "మీవాళ్లంతా ఇంతేనా?" అన్నది దాని భావం. సత్యరాజు మావ మా మేనత్త ఎలీసమ్మ మొగుడని, రక్తసంబంధం కాదని ఆ రాత్రి చాలాసేపు నచ్చజెప్పాల్సి వచ్చింది.

ఒకసారి అరసవల్లిలో ఏదో పనుండి వెళ్లాడు. ఆదివారం కావడంతో గుడి ముందు ఆటోలు బారులు తీరి ఉన్నాయి. అన్ని టైర్లు ఒక్కచోట చూస్తే ఆయన మనసు ఆగుతుందా? ఈ చివర మొదలుపెట్టి నొక్కుకుంటూ పోయాడు. నొక్కడం, తల పంకించడం, పెదవి విరవడం. ఎవరో మఫ్టీలో వచ్చిన బ్రేకు ఇన్‌స్పెక్టరు అనుకుని ఆటోవాళ్లు గబగబా కాగితాలు తీసుకుని వెనకపడ్డారు. మావ ఒక్క కాగితమూ చూడలేదు. "ఇది తగ్గింది, అది బాగున్నాది, నీది మరీ అన్యాయం" అని చెప్పుకుంటూ ఆ చివరికి వెళ్లి, ఆఖరి ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాడు. ఆ ఆటోవాడు భయపడి కిరాయి అడగలేదట. అడగకపోయినా మావ ఇచ్చాడనుకోండి.

కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాక మావ ఆమదాలవలసలో ఇల్లు చూసుకుంటూ కుదురుగా కూర్చుంటాడనుకున్నాం. ఆయన ఒక పాత తెల్లకారు కొన్నాడు. అప్పటిదాకా ఊరివాళ్ల టైర్లతో సరిపెట్టుకున్న మనిషికి సొంతంగా నాలుగు టైర్లొచ్చాయి. డిక్కీలో ఉన్నదానితో కలిపి అయిదు. ఇక మా ప్రయాణాలన్నీ ఆయన కారులోనే, మా అవస్థలన్నీ ఆ ప్రయాణాల్లోనే.

శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా హైవే మీద ఏ పెట్రోలు బంకులో గాలి మిషను పని చేస్తుందో, ఏది మూలపడిందో మావకి కంఠతా వచ్చు. బంకు కనబడితే కారు దానంతట అదే ఎడమవైపు తిరుగుతుందా అన్నట్టుండేది. పెట్రోలు పోయించుకోడు. గాలి చూపించుకుంటాడు. పది కిలోమీటర్ల క్రితమే చూపించాం కదా అంటే, "అది అప్పటి గాలిరా" అంటాడు.

అందరికన్నా గట్టిగా తిట్టేది మా ఎలీసమ్మ అత్త. "ఏటండీ ఈ గాలి గోల! మా నాన్న నన్ను మనిషికిచ్చినాడా, సైకిలు షాపుకిచ్చినాడా?" అని బంకు బంకంతా వినబడేలా అరిచి, "ఎలాగూ ఆపీసినారు, కాళ్లు సాపుకుని వస్తాను" అని దిగిపోయేది. మావ కిక్కురుమనకుండా చక్రం దగ్గర కూర్చునేవాడు. పాపం అత్త, ఎంత ఓర్పు అనుకునేవాళ్లం మేమంతా.

వాళ్లకి ఒక్కతే కూతురు, ప్రిస్కిల్లా. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో నర్సు. వరసకి నేనే చేసుకోవాల్సింది గానీ, నాకప్పటికే పెళ్లయిపోవడం వల్ల ఆ పిల్ల బతికిపోయింది. ఆమెకి పలాస వైపు ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ఇల్లు చూడ్డానికి అమ్మాయి తరఫు పెద్దలు వెళ్లడం మావాళ్ల ఆనవాయితీ కదా, మావా అత్తా బయల్దేరారు. భోజనాల వేళకి చేరాల్సినవాళ్లు ఎంగిలి విస్తళ్లు ఎత్తేసే వేళకి చేరారు. "కూతురి పెళ్లి కన్నా కారు చక్రాల మీద శ్రద్ధ ఎక్కువున్న ఇంటితో సంబంధం మాకొద్దు" అని వాళ్లు కబురు పెట్టారు. ఆ అబ్బాయంటే పెద్ద ఇష్టం లేదు కాబట్టి ప్రిస్కిల్లా ఆ కబురు విని నవ్వేసింది.

రెండో సంబంధం దగ్గర నవ్వలేదు. ఈ అబ్బాయి శాంతికుమార్, ఆమె ఆసుపత్రిలోనే ల్యాబు టెక్నీషియన్. ఇద్దరూ ముందే ఇష్టపడి, పెద్దవాళ్లు కుదిర్చినట్టు కనబడాలని నానా తంటాలూ పడి మధ్యవర్తిని పంపుకున్నారు. వాళ్లది శృంగవరపుకోట. ఆ ఇంట్లో అన్నీ తాతగారి మాట మీద నడుస్తాయి. యోహాను మాస్టారని, హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. బడి గంట మోగడం ఆలస్యమైతే ప్యూనుని కాదు, గంటని తిట్టేవాడని ఆయనకి పేరు.

ప్రిస్కిల్లాకి భయం పట్టుకుంది. "బావా, ఈ గాలి పిచ్చికి మందులేదా?" అని నన్నడిగింది. తనే ఆలోచించి తనే మందు కనిపెట్టింది. జీతం అందగానే ఆన్‌లైన్‌లో ఒక డబ్బా తెప్పించింది. టైర్లలో గాలి ఎంతుందో కారులో కూర్చునే చూసుకునే సెన్సార్లట. కొత్త కార్లలో కొన్నింటికి కంపెనీ నుంచే వస్తాయి, పాత కార్లకి ఇలా తెచ్చి పెట్టుకోవచ్చు.

బిగించింది నేనే. పెద్ద విద్యేం కాదు. టైరు గొట్టం మీద ఉండే నల్లమూత తీసేసి, దాని బదులు కాస్త లావుగా ఉన్న ఈ మూత తిప్పి పెట్టడమే. నాలుగు చక్రాలకి నాలుగు. అవి లోపలి గాలిని కనిపెట్టి, స్టీరింగు ముందు అతికించిన చిన్న పెట్టెకి కబురందిస్తాయి. పెట్టె మీద కారు బొమ్మ, నాలుగు మూలలా నాలుగు అంకెలు. గాలి తగ్గితే పెట్టె కూస్తుంది.

"నాన్నా, ఇంక దిగక్కర్లేదు, ఒంగక్కర్లేదు. అది కూసిందాకా ఎక్కడా ఆపక్కర్లేదు" అంది ప్రిస్కిల్లా.

మావ మొహం చూడాలి! కారుకి కొత్త సామాను వచ్చిన మొహం కాదది, ఉన్న కారు పోయిన మొహం. అత్త కూడా ఎందుకో తిట్టడం మానేసి చీరచెంగు మెలిపెడుతోంది. కాసేపు పెట్టెకేసి చూసి మావ అన్నాడు:

"మరి కూస్తే?"

"కూస్తే ఆపు."

"కూస్తే ఆపాల" అన్నాడు మావ. మొహంలోకి మళ్లీ రంగొచ్చింది. "యంత్రం సెప్పినాక ఎవులు కాదంటారు?"

ఆ తర్వాత ఆ పెట్టెని విడిచి ఉంటే ఒట్టు. చర్చికెళ్లినప్పుడు ఎవరైనా ఎత్తుకుపోతారని నాలుగు మూతలూ విప్పి ప్యాంటు జేబులో, పెట్టె చొక్కా జేబులో వేసుకుని ఆరాధనకొచ్చాడు. టైరు మీద లేని సెన్సారుకి గాలి ఎక్కడినుంచి వస్తుంది? మా పాస్టరుగారు ప్రసంగంలో మూడోసారి "చివరిగా ఒక్క మాట" అన్న క్షణాన మావ గుండెల మీద పెట్టె కీచుమని కూసింది. నాలుగు చక్రాలూ సున్నా అని దాని బాధ. అది ఎలా ఆపాలో తెలియక మావ రెండు చేతులతో గుండె పట్టుకుని వంగిపోతే, గుండెనొప్పనుకుని జనం లేచారు. పాస్టరుగారు గబగబా ఆమేన్ చెప్పేశారు. మళ్లీ వారం చాలామంది మావ దగ్గరకొచ్చి, "ఆ పెట్టె తెచ్చినావా?" అని ఆశగా అడిగారు.

ప్రయాణాలు మాత్రం ఏమీ మారలేదు. మారకపోగా బలం పుంజుకున్నాయి. ఇదివరకు మావ ఆపితే మేం పోట్లాడేవాళ్లం. ఇప్పుడు పెట్టె కూస్తుంటే ఎవరితో పోట్లాడతాం? అదేం చిత్రమో, అది సరిగ్గా బంకు ముందే కూసేది. నేను టైర్లన్నీ నీళ్లలో ముంచి చూపించాను. ఎక్కడా బుడగ లేదు. సెన్సార్లు విప్పి మళ్లీ బిగించాను. ఇంటి దగ్గర బుద్ధిగా ఉంటాయి, హైవే ఎక్కగానే కూస్తాయి. ఆ దెబ్బతో యంత్రాల మీద నాకున్న నమ్మకం కూడా పోయింది.

శృంగవరపుకోట వెళ్లే రోజు దగ్గరపడింది. పదకొండు గంటలకి పాస్టరుగారు ప్రార్థన చేసి మాట ఖాయం చేస్తారని, తర్వాత ఆయన వేరే ఊరు వెళ్లాలని, ఆలస్యమైతే మీకు ఇష్టం లేదనుకుంటామని యోహాను మాస్టారు కబురు పంపారు. ప్రిస్కిల్లా కారు తాళం తండ్రి దగ్గర లాక్కుని నా చేతిలో పెట్టింది.

"నాన్న నడిపితే నాకు పెళ్లవదు బావా. నువ్వు నడుపు. ఎక్కడా ఆపనని ఒట్టెయ్యి."

"అదేం ఒట్టు!"

"ఎయ్యకపోతే జీవితాంతం మీ ఇంట్లోనే కూకుంటాను. కుమారక్కకి కూడా సెప్పీ."

ఒట్టేశాను.

నేను డ్రైవరు సీట్లో, మావ నా పక్కన. వెనక అత్త, తోడుగా పక్కింటి జగ్గమ్మగారు. మావ పిచ్చి తెలిసినవాణ్ణి కాబట్టి పెట్టెని ఊడదీసి, ఆయన చెయ్యి అందకుండా నా కుడివైపు తలుపు దగ్గర అతికించాను. నాలుగు మూలలా నాలుగు ముప్పైలు నిశ్చలంగా వెలుగుతున్నాయి. శ్రీకాకుళం దాటాం. చిలకపాలెం దాటాం. మావతో కలిసి ఆ దారిలో అంత సాఫీగా వెళ్లడం నా జన్మలో అదే మొదటిసారి.

"ఏ ఊరండీ ఇది?" అంది వెనకనుంచి అత్త.

ఆ దారిలో నలభై ఏళ్లుగా తిరుగుతున్న మనిషి అడగాల్సిన ప్రశ్నేనా? నాకు నవ్వొచ్చింది. మావ ఊరిపేరు చెప్పలేదు. "సూస్తన్నాను, ఉండు" అని నావైపు తిరిగాడు. "ఒరే పెకాసం, బంకొస్తన్నాది. ఓపాలి గాలి సూద్దుం."

"ముప్పై ఉంది మావా. పెట్టె చెబుతోంది."

"ఎనకెడం సక్రం?"

"అదీ ముప్పయ్యే."

బంకు వెనక్కి వెళ్లిపోయింది. మావ అద్దం దించి చెవి బయటపెట్టాడు. "ఏదో సప్పుడొస్తంది."

"అది గాలి మావా. బయటి గాలి."

"ఎండకి లోపల గాలి ఉబ్బిపోద్దిరా. టైరు పేలిపోద్ది."

"పేలితే పెట్టె కూస్తుంది."

నా జవాబులకి నాకే ముచ్చటేసింది. ఇంతలో ప్రిస్కిల్లా ఫోను. జేబులోంచే స్పీకరు నొక్కాను. "బావా, ఎక్కడ? ఆపినావా?" "రణస్థలం వస్తోంది. ఆపలేదు." "ఆపకు బావా, నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఏ ఊరండీ ఇది?" అంది అత్త మళ్లీ. ఈసారి గొంతు సన్నగా ఉంది. అప్పుడు తట్టింది నాకు, బయల్దేరిన దగ్గర్నుంచి అత్త ఒక్క తిట్టూ తిట్టలేదని.

మావ ఇంక ఆగలేదు. సీటు బెల్టు విప్పేసి, నా ఒళ్లోకి అడ్డంగా వాలి, స్టీరింగు కింద నుంచి చెయ్యి చాపి పెట్టె పక్కనున్న బొత్తాం నొక్కాడు. పెట్టె కీచుమంది. దానికి ప్రాణముందో లేదో చూసుకోడానికి ఇచ్చిన బొత్తాం అది. బిగించినవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలియదా?

"అదిగో, కూసినాది! ఆపు!"

"నువ్వు నొక్కితే కూసింది మావా! ఇన్నాళ్లూ ఇదా నువ్వు చేస్తున్న పని? కూతురి పెళ్లికన్నా నీకు..."

"ఒరే బాబూ" అంది జగ్గమ్మగారు వెనకనుంచి, చాలా నెమ్మదిగా. "గాలి తగ్గిందంటే తగ్గిందనుకోరా. కారాపు."

అద్దంలో చూశాను. అత్త కళ్లు మూసుకుని ఉంది. నుదుటి మీద చెమట. ఒక చెయ్యి ముందు సీటు పట్టుకుంటే, రెండో చెయ్యి జగ్గమ్మగారి గుప్పిట్లో ఉంది. నాకప్పటికి బుర్రలో వెలిగింది. ప్రిస్కిల్లా మీద వేసిన ఒట్టు తీసి గట్టుమీద పెట్టి, ఎదురుగా వచ్చిన బంకులోకి కారు తిప్పాను.

కారు ఆగీ ఆగకముందే జగ్గమ్మగారు అత్తని పట్టుకుని బంకు వెనకనున్న బాత్‌రూముల వైపు నడిచింది. మావ దిగి చక్రం దగ్గర చతికిలబడి, బంకు కుర్రాళ్లందర్నీ కేకేసి పిలిచాడు. "ఇలారండి, ఇది సూడండి, గాలి తగ్గిపోనాది." వాళ్లందరూ చక్రం చుట్టూ మూగారు. అటువైపు వెళ్తున్న ఆడవాళ్లని చూసేవాడు ఒక్కడూ లేడు. ఎంత పెద్ద నాటకమో, ఎంత చక్కగా ఆడుతున్నాడో నోరు తెరుచుకుని చూశాను.

కుర్రాళ్లు వెళ్లాక పక్కన కూర్చున్నాను. "సుగరా మావా?"

"ఊఁ. అదొచ్చిన కాడ్నుంచి మీ అత్తకి ఆగదు. బస్సులో ఆపమని ఎలా అడుగుతాది? పయానమంటే ముందురోజు నుంచే నీళ్లు మానీసీది. ఓపాలి బస్సులోనే కళ్లు తిరిగి పడిపోనాది. తరవాత పెళ్లికీ రానంటాది, సావుకీ రానంటాది. అందుకే ఈ కారు కొన్నాను."

"మాకు చెబితే మేం ఆపమా?"

"మీకు సెప్తే ఆపుతారు. ఎక్కినోళ్లందరికీ సెప్పుకుంటాదేటి? 'ఆపండి, ఎలీసమ్మకి గావాల' అని నలుగురు అంటే అదింకెక్కడికైనా వస్తాదా? నన్ను ఎర్రోడంటే నాకేటిరా నష్టం? ఎలాగూ టైర్లు నొక్కుతానని అంటానే ఉన్నారు."

"మరి అత్త నిన్నంత గట్టిగా తిడుతుంది కదా!"

"అది నేను నేర్పిందే" అన్నాడు మావ గర్వంగా. "కొన్ని సొంతంగా కలుపుతాదనుకో."

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఇన్నాళ్లూ అత్త ఓర్పుని చూసి జాలిపడిన వాణ్ణి, మావ వైపు ఒక్కసారైనా చూడలేదు. అత్త వచ్చి కూర్చుంది, కడుపునిండా నీళ్లు తాగింది. "ఏటండీ ఈ గాలి గోల!" అని మొదలుపెట్టింది. ఆ తిట్లు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. జామి దగ్గర ఇంకోసారి ఆగాం. ఈసారి మావ నొక్కేలోపు నేనే బొత్తాం నొక్కాను.

శృంగవరపుకోట చేరేసరికి పదకొండు దాటిపోయింది. యోహాను మాస్టారు వీధి గుమ్మంలో చేతిగడియారం చూసుకుంటూ నిలబడ్డారు. పాస్టరుగారు స్కూటరు మీద కూర్చుని ఉన్నారు. మాస్టారి వెనక శాంతికుమార్ మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"నేను పదకొండన్నాను" అన్నారు మాస్టారు. "పలాసవాళ్లు చెప్పింది నిజమేనన్నమాట. గాలి మీద ఉన్న శ్రద్ధ..."

మావ నేరం నెత్తినేసుకోవడానికి నోరు తెరిచాడు. అది అలవాటైన పని ఆయనకి. నేను ముందుకొచ్చాను. "ఆయన కాదండి, నడిపింది నేను. గాలి తగ్గింది. నేనే ఆపాను."

"గాలికి ఇంతసేపా?"

"రెండుసార్లు తగ్గిందండి."

మాస్టారు పెదవి బిగించారు. ఫోను నా జేబులో మోగుతూనే ఉంది. ప్రిస్కిల్లాయే అయ్యుంటుంది. అప్పుడు లోపల్నుంచి ఆయన భార్య వచ్చింది. డెబ్భై దాటినా ఆవిడ పేరు బేబీ. బేబీగారు కారు చూసింది, జగ్గమ్మగారిని చూసింది, అత్తని పైనుంచి కింది దాకా నిదానంగా చూసింది. అత్త తల దించుకుంది.

"ఎక్కడాపినావు నాయనా?" అని నన్నడిగింది బేబీగారు.

"రణస్థలం దగ్గర ఒక బంకులోనండి. తర్వాత జామి దగ్గర."

"రణస్థలం దగ్గర బంకు శుభ్రంగా ఉంటాదా?"

"ఉంటాదండి" అంది అత్త, తలెత్తి. "నీళ్లు కూడా వస్తాయి."

"అలాగా" అంది బేబీగారు. ఆ మాట ఎంత ఆశగా అందో నేను మర్చిపోలేను. మొగుడివైపు తిరిగింది. "ఏటండీ సూస్తన్నారు? పాస్టరుగార్ని లోపలికి పిలవండి. ఇంతకన్నా మంచి సంబంధం మనోడికి రాదు. ఆ మావగారు గాలి సూసుకునే మనిషి."

"గాలికీ సంబంధానికీ ఏమిటి సంబంధం?" అన్నారు మాస్టారు అయోమయంగా.

"మీకు తెల్దు. మీరు విశాపట్నం బయల్దేరితే విశాపట్నంలోనే ఆపుతారు."

పాస్టరుగారు స్కూటరు దిగారు. ప్రార్థన అయింది, మాట ఖాయమైంది. నేను ఫోనెత్తి ఆ సంగతి చెబితే అవతల ప్రిస్కిల్లా ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఆపలేదు కదా బావా?" అని మాత్రం అడిగింది. "గాలి తగ్గింది" అన్నాను. "నీకూ అంటుకున్నాదా!" అని ఫోను పెట్టేసింది.

పెళ్లి ఆమదాలవలసలో జరిగింది. పెళ్లయిన వారానికి యోహాను మాస్టారు తన కారేసుకుని మా ఇంటికొచ్చారు. పక్కసీట్లో బేబీగారు. ఆరేళ్లుగా ఊరు దాటని మనిషి పెళ్లికొచ్చిందని, ఇప్పుడు ఇంకా ఎక్కడెక్కడికో వెళదామంటోందని మాస్టారు ఆశ్చర్యపోతూ చెప్పారు.

"మా ఆవిడ ఒకటే పోరు. సత్యరాజుగారి కారుకున్నట్టు మన కారుకీ ఆ గాలి సెన్సార్లు పెట్టించమంటుంది. ఈ వయసులో దీనికి టైర్ల మీద ఇంత ఆసక్తి ఎందుకొచ్చిందో నాకర్థం కావడం లేదు."

"పెట్టించండి మాస్టారూ. గాలి చాలా ముఖ్యం" అన్నాను.

ఆయన డబ్బా తీసి నా చేతికిచ్చారు. నాలుగు మూతలూ బిగించాను. పెట్టె ఎక్కడ అతికిద్దాం అని అడిగారు మాస్టారు. స్టీరింగుకి అటుపక్క బాగుంటుందేమో అని చెయ్యి చూపించారు. నేను వినిపించుకోనట్టు ఇటు తిరిగొచ్చి, బేబీగారి చెయ్యి అందే చోట అతికించాను.